వదినకి ఏమనిపించింది

మా ఆడపడుచు గురించి చెబుతానంటే చాలు, మా వీధిలో ఆడవాళ్లు కుర్చీలు దగ్గరికి లాక్కుంటారు. వదినా మరదళ్ల మధ్య ఏదో భాగోతం నడిచే ఉంటుందని వాళ్ల ఆశ. పాపం, వాళ్లని నిరాశపరచడం నాకూ ఇష్టం లేదు గానీ, మా ఇద్దరికీ ఒక్కనాడూ గొడవ జరగలేదు. గొడవ జరగాలంటే ఇద్దరికీ కోపం రావాలి. నాకు పొద్దున్న లేచింది మొదలు వస్తూనే ఉంటుంది. వదినకి రాదు. కోపమే కాదు, సంతోషం రాదు, విసుగు రాదు, చివరికి తుమ్ము వచ్చినా పక్కవాళ్లకి తెలియనంత నెమ్మదిగా వస్తుంది.

ఆవిడ విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ చెబుతుంది. పెళ్లి చేసుకోలేదు. మా ఆయనకి అక్క. మా ఇంట్లోనే, నా కుట్టుమిషను ఉన్న హాలు పక్క గదిలో ఉంటుంది. చదువుకునే పిల్లలు ఆవిడకి ‘యావరేజ్ మేడం’ అని పేరు పెట్టారు. ఆ సంగతి నాకు కూరల కొట్టు దగ్గర ఓ పిల్ల నోటి వెంట తెలిసి ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి వదినతో చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుంటూ, “తప్పేముంది, సిలబస్‌లో ఉన్నదేగా” అంది. దాంతో నా కోపం వెళ్లడానికి చోటు లేక నాలోనే ఉండిపోయింది.

మొదటి నుంచీ ఇలా ఉండేది కాదు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో వదిన నవ్విందంటే వీధి చివరి మెకానిక్ షెడ్డు దాకా వినపడేది. క్లాసు నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా, ఏ కుర్రాడు ఏం పిచ్చి ప్రశ్న వేశాడో, ఎవరు కళ్లు తెరిచే నిద్రపోయారో అనుకరించి చూపించేది. నేను కుట్టిన మొదటి జాకెట్ చేతులు రెండూ ఒకే వైపువి అయ్యాయని నన్ను ఏడాది పాటు ఏడిపించింది.

తర్వాత మా అత్తగారు మంచాన పడింది. ముందు కాళ్లు పోయాయి, తర్వాత జ్ఞాపకం పోయింది. పగలు నేను చూసుకునేదాన్ని, సాయంత్రం నుంచి తెల్లారేదాకా వదిన. మధ్యలో వెళ్లి పాఠం చెప్పి వచ్చేది. అత్తగారికి నేను గుర్తున్నాను, మా ఆయన గుర్తున్నాడు, కన్నకూతురు మాత్రం గుర్తు లేదు. “ఎవరమ్మా నువ్వు? మా అమ్మాయి ఎప్పుడొస్తుంది?” అని అడిగేది. “వచ్చేస్తుందండీ, దార్లో ఉంది” అనేది వదిన, పక్కదుప్పటి మారుస్తూ. మొదట్లో ఆ మాట అన్నాక స్నానాలగదిలోకి వెళ్లి పంపు తిప్పుకుని ఏడ్చేది. కొన్నాళ్లకి పంపు చప్పుడు ఆగిపోయింది. తట్టుకోవడం అలవాటైందనుకుని నేను సంతోషించాను కూడా, నా తెలివి తగలెయ్య.

అలా ఏళ్లు గడిచాయి. అత్తగారు పోయిన రోజున అందరం గుండెలు బాదుకుంటుంటే వదిన మంచం మీది దుప్పట్లు మడతపెట్టి, మందుల సీసాలు సంచిలో వేసి, “రేపు క్లాసుంది, అలారం పెట్టావా?” అని నన్నడిగింది. షాకులో ఉంది, పోనీలే, తేరుకుంటుంది అనుకున్నాం. తేరుకోలేదు. ఆ రోజు నుంచి వదిన అలాగే ఉండిపోయింది. తింటుంది, వెళ్తుంది, వస్తుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. అంతకుమించి ఏమీ లేదు.

ఇలా ఉండగా విశ్వవిద్యాలయం వాళ్లకి ఓ బుద్ధి పుట్టింది. పాఠాలు చెప్పే ప్రొఫెసర్లందరూ పాఠం ఎలా చెప్పాలో నేర్చుకోవాలని ఉత్తర్వు వేశారు. బడిలో చెప్పే పంతులికైతే ముందు శిక్షణ ఇచ్చాకే సుద్దముక్క చేతికిస్తారు గానీ, వీళ్లకి ఇన్నాళ్లూ అదేమీ లేదట. పీహెచ్‌డీ ఉంటే చాలు, పాఠం చెప్పడం దానంతట అదే వచ్చేస్తుందని వదిలేశారట. ఈత గురించి పుస్తకం రాశావు కదా, ఇక దూకు అని నదిలోకి తోసినట్టు. సరే, ఆలస్యంగానైనా మేల్కొన్నారు. ఆ టర్మంతా ప్రతి శనివారం శిక్షణ. చివర్లో సర్టిఫికెట్. సర్టిఫికెట్ రానివాళ్లకి క్లాసు ఉండదు. మళ్లీ బ్యాచి మొదలయ్యేదాకా పరీక్షల విభాగంలో కూర్చోవాలి. జవాబు పత్రాల కట్టలు, లక్కముద్రలు, తలుపుకి తాళం, లోపల దుమ్ము.

ఆ రోజు భోజనాల దగ్గర మా ఆయన నవ్వుతూ అడిగాడు. “నీకేం భయం లేదు కదక్కా? ఇన్నేళ్ల నుంచి చెబుతున్నావు.”

“తెలీదురా,” అంది వదిన. “క్లాసు లేకపోతే మాత్రం పొద్దున్నే దేనికి లేవాలి?”

బస్సు ఎన్నింటికని అడిగినట్టు అడిగింది. మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయాడు. సెలవు రోజుల్లో వదిన ఎలా ఉంటుందో నేను చూస్తున్నాను. తయారై, తల దువ్వుకుని, మంచం అంచున చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుంటుంది. రమ్మంటే వచ్చి తింటుంది, లేకపోతే అలాగే ఉంటుంది. ఆ మనిషిని రోజూ లేపి నిలబెడుతున్నది ఆ క్లాసొక్కటే. అది కూడా పోతే మా ఇంట్లో మరో మంచం పట్టిన మనిషి ఉంటుందని నాకు ఆ క్షణమే అర్థమైంది.

మొదటి శనివారాలు బాగానే గడిచాయి. పాఠానికి ముందే లక్ష్యం రాసుకోవడం, ప్రశ్న వేశాక జవాబు కోసం ఆగడం, వెనక బెంచీ వాళ్లని కూడా కలుపుకోవడం, ఇవన్నీ వదిన చెప్పింది చెప్పినట్టు చేసేసింది. ఆవిడకి పని ఇస్తే వంక పెట్టే అవకాశం ఎవరికీ ఇవ్వదు. హమ్మయ్య, గండం గడిచినట్టే అనుకున్నాను.

అప్పుడు మొదలైంది ఆ కుర్చీల తంతు. ఆ సంగతులన్నీ మాకు లా మాస్టారు చెప్పేవారు. ఆయనా అదే బ్యాచి. భారీ మనిషి, గొంతు అంతకన్నా భారీ. ఆయన భార్య బట్టలు నేనే కుడతాను. శనివారం సాయంత్రం వదినని కార్లో దింపి, మా హాల్లో కూర్చుని టీ తాగుతూ ఆ రోజు ముచ్చటంతా వినిపించి వెళ్లేవారు.

గదిలో బల్లలు తీసేసి కుర్చీలు గుండ్రంగా వేస్తారట. మధ్యలో ఏమీ ఉండదు. ఒక్కొక్కరూ ఆ వారం క్లాసులో జరిగిన ఒక సంగతి తీసుకుని చెప్పాలి. శిక్షణ ఇచ్చే ఆయన నడివయసు మనిషి, మెత్తటి మాట. ఆయన పెట్టిన షరతు ఒకటే. “మీరేం చేశారో చెప్పద్దు. అప్పుడు మీకేమనిపించిందో చెప్పండి.”

“చెప్తే వినాలమ్మా మావాళ్ల సంగతి!” అని లా మాస్టారు కప్పు కింద పెట్టారు. “మా ఫిజిక్స్ ఆయన్ని ‘మీకు కోపం వచ్చిందా’ అని అడిగారు. ‘ముందు కోపం అంటే ఏంటో నిర్వచించుకుందాం’ అన్నాడు. ఎకనామిక్స్ మేడం, తన విసుగుకి కారణాలు మూడు అని వేళ్లు మడిచింది. మూడో కారణం చెప్పేసరికి గంట కొట్టారు.”

“మరి మీరేం చెప్పారండీ?”

“నేనా? నేను సుప్రీంకోర్టు తీర్పొకటి చెప్పాను.” అని పగలబడి నవ్వారు.

నవ్వొచ్చే సంగతే. జీవితమంతా అడిగినదానికి పాఠం చెప్పినవాళ్లు, నీ గుండెలో ఏముందని అడిగినా పాఠమే చెబుతారు. ఏదేమైనా వాళ్లు తిప్పలు పడి ఏదో ఒకటి అన్నారు. వదిన వంతు వచ్చింది. “ఏమీ అనిపించలేదండీ” అంది. కాస్త ఆలోచించుకోమని ఆయన టైమిచ్చాడు. ఆవిడ నిజంగానే ఆలోచించి, “లేదండీ. ఏమీ లేదు” అంది. ఆయన తల ఊపి, వచ్చేవారం మళ్లీ ప్రయత్నిద్దామన్నాడట. సర్టిఫికెట్‌కి ఇది కూడా లెక్కేనని మెత్తగానే చెప్పాడట.

ఇక నేను చేతులు ముడుచుకుని కూర్చునే రకమా? మర్నాడే వంటింట్లో వదినని పీట మీద కూర్చోబెట్టాను.

“నేనే ఆ ట్రైనరు గారిని అనుకో. మొన్న క్లాసులోకి వెళ్లగానే నీకేమనిపించింది?”

“ఫ్యాన్ తిరగట్లేదనిపించింది.”

“అది కాదు వదినా! దానికి కోపం రాలేదూ? అంతమంది పిల్లలు ఉక్కపోతలో ఉంటే ఆ కరెంటు వాణ్ని నాలుగు దులపాలనిపించలేదూ?”

“ఫిర్యాదు రాసిచ్చాను.”

“అయ్యో నా తల్లీ!” అని నెత్తి కొట్టుకున్నాను. “సరే, నేను చెప్పింది అను. ‘లెక్క అర్థమయ్యాక పిల్లల మొహాలు వెలిగిపోతుంటే చూసి నాకు కడుపు నిండిపోయింది.’”

“కడుపెందుకు నిండుతుంది?”

“అలాగే అంటారు వదినా. అందరూ అంటారు.”

“సరే,” అని ఆవిడ మొదటి నుంచి చివరి దాకా అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. లెక్కలో సూత్రం చదివినట్టుంది. ఇంకాస్త గొంతు తగ్గించమన్నాను, తగ్గించింది. మధ్యలో ఓసారి ఆగి కిటికీ వైపు చూడమన్నాను, చూసింది. హాల్లో పేపరు వెనక మా ఆయన భుజాలు ఊగిపోతున్నాయి. “మా అక్క నోట నీ సీరియళ్లన్నీ వినపడుతున్నాయే!” అన్నాడు. కొలత టేపు చుట్ట విసిరితే ఆయన చెవి పక్కనుంచి పోయింది.

ఆయనకి వేళాకోళంగా ఉంది గానీ శనివారం అది పనిచేసింది. లా మాస్టారు గుమ్మంలోంచే కేకేశారు. “మేడం ఇవాళ అదరగొట్టారమ్మా! ట్రైనరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.” నా సంతోషం చూడాలి. ఆ రోజు ఆయనకి టీతో పాటు బిస్కెట్లు కూడా పెట్టాను. ఆ తర్వాత వారానికో భావం చొప్పున తయారుచేసి ఇచ్చాను. ఓ వారం పశ్చాత్తాపం, ఓ వారం మురిపెం. వెనక బెంచీలో ఖాళీగా ఉన్న సీటు చూసి బెంగపడటం అన్నది నేను చాలా కష్టపడి తయారుచేశాను. దానికి గదిలో ఒకావిడ ముక్కు చీదిందట.

ఆ బెంగ నేర్పుతున్న సాయంత్రమే వదిన నన్నో మాట అడిగింది. నేను మిషను మీద ఉన్నాను. పక్కనే నిలబడి, “బెంగ ఎక్కడుంటుంది? ఇక్కడా, ఇక్కడా?” అని గొంతు మీద చెయ్యి పెట్టుకుంది, తర్వాత పొట్ట మీద.

“రెండు చోట్లా ఉంటుంది వదినా.”

“అమ్మ పోయినప్పుడు నీకొచ్చిందా?”

“వచ్చింది. ఇప్పటికీ వస్తుంది.”

“నాకు రావాలి కదా,” అంది. ఏదో పనున్నట్టు తన గదిలోకి వెళ్లిపోయింది. నేను మిషను గట్టిగా తొక్కాను. ఆ కుట్టు మొత్తం వంకర పోయి మళ్లీ విప్పాల్సొచ్చింది.

ఆఖరి శనివారం వీడియోల పరీక్ష. ఒక్కొక్కరి క్లాసునీ ముందే తీసి పెట్టారు. మామూలుగా పాఠం చెప్పేవాళ్ల మొహం మీద పెడతారు కదా కెమెరా, ఈ ట్రైనరు అలా కాదు, బోర్డు పక్క మూలలో పెట్టి పిల్లల వైపు తిప్పాడు. పాఠం ఎలా ఉందో తెలియాలంటే వినేవాళ్లని చూడాలి గానీ చెప్పేవాళ్లని కాదు అన్నాడట. ఆ మాట నాకు ఇప్పటికీ నచ్చుతుంది. చెప్పేవాళ్లు పిల్లల మధ్యకి వెళ్తే మాత్రం వాళ్లూ అందులో కనిపిస్తారు.

ఆ సాయంత్రం లా మాస్టారు కేకెయ్యలేదు. కారు దిగి వదిన వెనకాలే వచ్చి, కుర్చీలో కూర్చుని, టీ వద్దన్నారు. వదిన చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, “జరిగింది చెప్పండి వీళ్లకి” అని తన గదిలోకి వెళ్లింది.

గోడ మీద వదిన క్లాసు వేశారట. పిల్లలు రాసుకుంటున్నారు, వదిన గొంతు వినపడుతోంది. రెండో వరసలో ఒక పిల్ల తల దించుకుని ఉంది. కాసేపటికి ఆ పిల్ల భుజాలు కదలడం తెలిసింది. ఏడుస్తోంది. చొక్కా చేత్తో మొహం తుడుచుకుంటోంది, మళ్లీ ఏడుస్తోంది. పక్క పిల్ల కాస్త అవతలికి జరిగి కూర్చుంది. అప్పుడు వదిన బోర్డు వదిలి వరసల మధ్యలోకి వచ్చింది. చెబుతూ చెబుతూ ఆ పిల్ల బల్ల దగ్గర ఆగింది. చూసింది. బల్ల అంచున జారిపోబోతున్న పుస్తకాన్ని లోపలికి జరిపింది. మళ్లీ బోర్డు దగ్గరికి వెళ్లి, ఆపిన వాక్యం దగ్గర నుంచి పాఠం అందుకుంది.

శిక్షకుడు వీడియో ఆపాడు. “మేడం, ఇక్కడ మీకేమనిపించింది?”

“నాకు కాళ్లూ చేతులూ ఆడలేదమ్మా,” అన్నారు లా మాస్టారు. “ఎలాగైనా గట్టెక్కిద్దామని, ‘అక్కడ వెలుతురు సరిగ్గా లేదండీ, మేడం గమనించి ఉండరు’ అన్నాను. అందరూ అవునవునన్నారు. ఫిజిక్స్ ఆయన కూడా నిర్వచనాలడక్కుండా తల ఊపాడు. ట్రైనరు గారు కూడా మంచివాడే, ‘గమనించలేదా మేడం?’ అని దారి చూపించాడు. ఊఁ అంటే చాలు, అయిపోయేది.”

“అన్లేదా?”

“‘చూశాను’ అన్నారు. ‘చూశాను, ఏమీ అనిపించలేదు’ అన్నారు. అక్కడితో ఊరుకోలేదు. ‘పోయిన వారాలు చెప్పినవన్నీ మా మరదలు నేర్పింది, అవి కూడా నాకనిపించినవి కావు’ అన్నారు.”

సిగ్గుతో నా మొహం కందిపోయింది. మా ఆయన నా వైపు చూడకుండా సీలింగు వైపు చూశాడు, అందుకు ఆయనకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

సర్టిఫికెట్ ఇవ్వలేదు. అందరూ వెళ్లాక శిక్షకుడు వదిన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడట. “మీరు నిజం చెప్పినందుకు ఇది శిక్ష కాదు మేడం. ఏడుస్తున్న పిల్ల దగ్గర ఆగి, చూసి, వెళ్లిపోయారు. దాని మీద నేను సంతకం ఎలా పెట్టను?” అన్నాడట. వదిన, “అవునండీ, పెట్టకూడదు” అందట. ఆ మనిషిని తిట్టడానికి నేను నోరు తెరిచాను. ఎంత వెతికినా తిట్టు దొరకలేదు. ఆ రెండో వరసలో కూర్చున్నది నా పిల్లైతే నేనూ సంతకం పెట్టనిచ్చేదాన్ని కాదు.

ఆయన్ని తిట్టలేక వదిన మీద పడ్డాను. గదిలోకి వెళ్లి తలుపు దగ్గర నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాను. “చూడలేదని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయేది వదినా?”

“చూశాను కదా.”

“అందరూ నీ తరఫున అబద్ధం ఆడటానికి సిద్ధపడ్డారే! నువ్వు ఊఁ కొడితే చాలే!”

“చూశానని వీడియోలో ఉంది. పుస్తకం జరిపాను.”

“క్లాసు పోయింది వదినా! తెలుస్తోందా నీకు? క్లాసు పోయింది!” అని నేను భోరుమన్నాను. వదిన లేచి తువ్వాలు తెచ్చి నా చేతికిచ్చి, మళ్లీ మంచం అంచున కూర్చుంది. అప్పుడు మా ఆయన గుమ్మంలోంచి నెమ్మదిగా అడిగాడు. “ఆ పిల్ల ఎందుకేడ్చిందక్కా?”

“అడగలేదు,” అంది వదిన.

ఆదివారం నాకు కూడా ఏడుపూ కోపమూ రెండూ అయిపోయి లోపలంతా మొద్దుబారినట్టుంది. కుట్టాల్సినవి పేరుకుపోయి ఉన్నా మిషను ముందు ఊరికే కూర్చున్నాను. వదినకి రోజూ ఇలాగే ఉంటుంది కాబోలు, ఎలా బతుకుతోందో అనిపించింది.

సోమవారం మామూలు టైముకే లేచింది. వాళ్ల దగ్గర ఒక పద్ధతుంది. క్లాసు ఒకరి నుంచి ఇంకొకరికి మారితే, పాతవాళ్లే కొత్తవాళ్లని వెంటబెట్టుకుని లోపలికి వెళ్లి పిల్లలకి అప్పగించి రావాలి. కొత్త టర్ముకి ఆ క్లాసు అప్పటికే సర్టిఫికెట్ ఉన్న, ఈమధ్యే చేరిన లెక్చరర్‌కి ఇచ్చారు. “అప్పగించి, అటునుంచి పరీక్షల విభాగానికి వెళ్తాను” అని చెప్పి బయల్దేరింది. నేను తోడొస్తానంటే, “దేనికి?” అంది.

మధ్యాహ్నం కాకుండానే తిరిగొచ్చింది. నేను స్టవ్ ముందు ఉన్నాను. వంటింటి గుమ్మంలో భుజానికి సంచితోనే నిలబడింది. కళ్లు వాచి ఉన్నాయి. ముక్కు ఎర్రగా ఉంది. జలుబు చేసిందేమో అనుకున్నాను. నాకు అంతకన్నా ఇంకేం తడుతుంది, ఆ మొహం అలా చూసి ఎన్నేళ్లయిందని?

“ఏంటి వదినా, అప్పుడే వచ్చేశావ్? అక్కడికి వెళ్లలేదా?”

“వెళ్లలేదు. దారి గుర్తురాలేదు. వరండాలో అటూ ఇటూ తిరిగి వచ్చేశాను.”

“క్లాసు అప్పగించావా?”

“అప్పగించాను. ‘ఇక నుంచి ఈయన చెబుతారు’ అన్నాను. ఇంకో మాట కూడా చెబుదామనుకున్నాను. అది రాలేదు.” సంచి భుజం మీదికి ఎగదోసుకుంది. “ఏడుపొచ్చింది.”

నేను గరిటె పక్కన పెట్టేశాను.

“అక్కడే, అందరి ముందూ. ఆపుకుందామని చూశాను, ఆగలేదు. బల్ల పట్టుకుని చాలాసేపు ఏడ్చాను.”

“అయ్యో వదినా! మరి పిల్లలు?”

“చూశారు.”

“చూసి?”

“ఏమీ అనలేదు. పుస్తకాలు తెరుచుకున్నారు. ఆ కొత్తాయన బోర్డు తుడవడం మొదలుపెట్టాడు.”

“ఒక్కరు కూడా లేవలేదా? ఆ రెండో వరస పిల్ల?”

“ఆ అమ్మాయీ చూసింది. తర్వాత తల దించుకుని పైన తేదీ వేసుకుంది.”

నాకు ఎక్కడలేని ఆవేశం ముంచుకొచ్చింది. “రాళ్లు! మనుషులు కారు, బండరాళ్లు! ఇలాంటి వాళ్ల కోసమే అత్తయ్య మంచం పక్క నుంచి లేచి వెళ్లి చెప్పావు. ఒక్క నాగా పెట్టలేదు. ఓ పెద్దావిడ నిలబడి ఏడుస్తుంటే మంచినీళ్లు కావాలా అని అడగడం కూడా చేతకాదా? వీళ్లకి ఎవరు నేర్పారు ఇలా...”

“వాళ్లనేం అనకు,” అంది వదిన. “ఆ గదిలో ఎలా ఉండాలో వాళ్లకి నేర్పింది నేనే కదా.”

ఆ మాట పూర్తి కాకుండానే మొహం ముడుచుకుపోయింది. సంచి భుజం మీంచి జారి కింద పడింది. గుమ్మానికి జేరబడి అలాగే నేల మీద కూర్చుని, చిన్నపిల్లలా నోరు తెరిచి గట్టిగా ఏడ్చింది. మాట కలిపితే ఆగని దాన్ని, వారానికో రకం చొప్పున ఆవిడకి భావాలు సరఫరా చేసినదాన్ని, స్టవ్ కట్టేసి వెళ్లి ఊరికే పక్కన కూర్చున్నాను.